పరోటిడ్ చాప్టర్ నాకు ఎప్పుడు ఎక్కిందంటే

మాది పర్లాకిమిడి, హౌస్ సర్జన్సీ బరంపురంలో. నీట్ పీజీకి రెండోసారి చదువుతున్నాను. లాలాజల గ్రంథుల గడ్డలు ఇంకా పట్టుబడని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదటిసారి నేను బట్టీపట్టింది 80 లెక్క ఒక్కటే. ఈ గడ్డల్లో దాదాపు 80 శాతం పరోటిడ్‌లో (చెవి ముందు, కింద ఉండే లాలాజల గ్రంథి), వాటిలో 80 శాతం బినైన్, అంటే క్యాన్సర్ కానివి, అందులో మళ్లీ 80 శాతం ప్లియోమార్ఫిక్ అడినోమా. లెక్క గుర్తుంది గానీ, మాక్ టెస్టులో తర్వాత ఏం చేస్తారని అడిగితే ఇన్‌సిషనల్ బయాప్సీ (గడ్డను కోసి ముక్క తీసి పరీక్షించడం) అని పెట్టేశాను.

తర్వాత ఓపీకి ఒకావిడ వచ్చింది. ఒడియాలో మొదలుపెట్టి, నేను తెలుగమ్మాయినని తెలిశాక "ఐదేళ్లయిందమ్మా, నొప్పీ లేదు ఏమీ లేదు, గవదబిళ్లలే అనుకున్నాం" అంది. గడ్డ ఎడమ చెవి తమ్మెను పైకి నెట్టేసింది, ఆ వైపు కమ్మ రెండో కమ్మ కంటే ఎత్తులో ఉంది. గడ్డ మీద చెయ్యి వేయబోతుంటే సార్ ఆపి, ముందు కళ్లు గట్టిగా మూయించు, పళ్లు చూపించమను, బుగ్గలు ఉబ్బించమను అన్నారు. ముఖ కండరాలను కదిలించే ఫేషియల్ నర్వ్ ఈ గ్రంథిలోంచే వెళుతుంది, అది దెబ్బతిన్నా, నొప్పి ఉన్నా, గడ్డ ఉన్నట్టుండి పెరిగినా క్యాన్సర్ అనుమానించాలి. నోట్లో టాన్సిల్ లోపలికి తోసుకొచ్చిందేమో కూడా చూడాలి, అది గడ్డ డీప్ లోబ్‌లో, అంటే గ్రంథి లోపలి భాగంలో ఉందనడానికి గుర్తు, అప్పుడు ఎంఆర్ఐ.

గడ్డ ఏమిటో తెలియడానికి ఎఫ్ఎన్ఏసీ, అంటే సన్నని సూదితో కణాలు తీసి చూడటం, సరిపోతుంది. కోసి ముక్క తీస్తే కణాలు చుట్టూ చల్లినట్టవుతుంది, నర్వ్‌కీ ప్రమాదమే. ప్లియోమార్ఫిక్ అడినోమాను ఒలిచి తీయడం కూడా అందుకే తప్పు, పైకి కవచం ఉన్నట్టే ఉంటుంది గానీ దాన్ని దాటి సన్నని మొలకలు ఉంటాయి, అవి మిగిలితే ఏళ్ల తర్వాత ఒకటికి పది గడ్డలై వస్తాయి. అలాగని వదిలేస్తే కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. కాబట్టి సూపర్ఫీషియల్ పరోటిడెక్టమీ, అంటే నర్వ్‌ని కాపాడుతూ గ్రంథి పై భాగాన్ని గడ్డతో సహా తీసేయడం.

ఇంకో బినైన్ రకం వార్థిన్ గడ్డ, పొగతాగే పెద్దవయసు మగవాళ్లలో, పరోటిడ్ తోకలో (గ్రంథి కింది కొసలో), ఒక్కోసారి రెండువైపులా వస్తుంది, టెక్నీషియం స్కాన్‌లో హాట్, అంటే మందును ఎక్కువగా పట్టుకుని ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. మన వైపు ఆడవాళ్లూ చుట్ట తాగుతారు, అడగకుండా వదలకండి.

ఆవిడ ఆపరేషన్‌లో, కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని నిలబడ్డాను. సార్ ట్రేగల్ పాయింటర్ (చెవి మృదులాస్థి కొన), దవడ కింది డైగాస్ట్రిక్ కండరం ఆనవాళ్లుగా పెట్టుకుని లోపలికి వెళితే, తెల్లటి దారంలా ఫేషియల్ నర్వ్ కనిపించింది. ఆ రోజు నుంచి ఆ లాండ్‌మార్కులు నేను మళ్లీ చదవలేదు. ముందురోజు ఆవిడకి రెండు సంగతులు చెప్పాం, చెవికి స్పర్శనిచ్చే గ్రేట్ ఆరిక్యులర్ నర్వ్ తెగితే తమ్మె మొద్దుబారుతుందని, కొన్ని నెలలకి తినేటప్పుడు చెంపకి చెమట పట్టొచ్చని. ఆ చెమటే ఫ్రే సిండ్రోమ్, అయోడిన్, స్టార్చ్ పూసి చూస్తారు, ఎక్కువైతే బొటాక్స్.

మూడో నెల చెకప్‌కి వచ్చినప్పుడు కమ్మలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. తమ్మెకి ఇంకా స్పర్శ రాలేదట, కమ్మ పెట్టుకోవాలంటే అద్దం ముందు నిలబడాల్సి వస్తోందని చెప్పింది.