లోతు రికార్డుల్లో ఎవరూ అడగని సగం

స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ చేసే డైవింగ్) నేర్చుకున్నా అని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే, ఎంత లోతు దిగావ్ అని. 18 మీటర్లు అంటే మొహం చప్పగా పెట్టేస్తారు, యూట్యూబ్‌లో 300 మీటర్లు దిగినోళ్ళు ఉన్నారుగా అంటారు. ఉన్నారు, నిజమే. సౌతాఫ్రికా డైవర్ నూనో గోమెజ్ 2005లో ఈజిప్టులో దహబ్ దగ్గర 318 మీటర్లు దిగాడు. (2014లో అహ్మద్ గబర్ పేరు మీద 332 మీటర్ల గిన్నిస్ రికార్డు ఉంది గానీ దాని మీద డైవర్లలోనే గొడవ నడిచింది, అందుకే నేను గోమెజ్ సంగతే చెప్తా.) దిగడానికి ఆయనకి పట్టింది 14 నిమిషాలు, పైకి రావడానికి మాత్రం దాదాపు 12 గంటలు. నాకు రికార్డంటే ఆ 12 గంటలే.

ఎందుకంత టైమ్ అంటే, నీళ్ళలో ప్రతి 10 మీటర్లకీ ఒక అట్మాస్ఫియర్ (అంటే పైన మన మీదుండే గాలి ఒత్తిడంత) ప్రెషర్ పెరుగుతుంది, ఆ ప్రెషర్‌లో పీల్చిన గ్యాస్ రక్తంలో, కండరాల్లో కరిగి కూర్చుంటుంది. గోలీసోడా కొట్టగానే బుస్సుమని పొంగుతుంది చూడండి, గబగబా పైకొస్తే ఒంట్లో జరిగేది అదే. బెండ్స్ అంటారు. కీళ్ళ నొప్పులతో సరిపోతే అదృష్టం, బుడగ మెదడుకో వెన్నుకో చేరితే పక్షవాతమే. అందుకే ఆగి ఆగి, ఒక్కోచోట గంటల తరబడి తాడు పట్టుకుని వేలాడుతూ రావాలి.

ఒక్క ఊపిరితో దిగే ఫ్రీడైవింగ్‌లో ఈ బాధ ఉండదు అనుకుంటారు చాలామంది. హెర్బర్ట్ నిట్ష్ కథ వింటే అలా అనరు. ఈ ఆస్ట్రియా ఆయన 2007లో గ్రీస్‌లో బరువు కట్టిన స్లెడ్ (తాడు వెంట కిందికి జారే బండి) మీద 214 మీటర్లు దిగాడు, 2012లో శాంటొరిని దగ్గర ఇంకా లోతుకి, 253 మీటర్లకి వెళ్ళాడు. పైకొచ్చేటప్పుడు, ఉపరితలానికి కొంచెం కింద కాసేపు ఆగాలని ప్లాన్. కానీ నైట్రోజన్ మత్తుకి (లోతులో ప్రెషర్‌కి ఆ గ్యాసే మత్తెక్కిస్తుంది) దార్లోనే నిద్రలోకి జారిపోయాడు, స్పృహ తప్పిందనుకుని సేఫ్టీ డైవర్లు నేరుగా పైకి తెచ్చేశారు. మెలకువ రాగానే ఆక్సిజన్ తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగాడు, అప్పటికే ఆలస్యమైంది, వరసగా బ్రెయిన్ స్ట్రోకులు. వీల్‌చెయిర్ దాకా వెళ్ళి, పట్టుబట్టి కోలుకుని మళ్ళీ డైవింగ్ చేస్తున్నాడు, ఆ మనిషంటే నాకు చాలా గౌరవం. అంత లోతు అతన్ని కిందుండగా ఏమీ చెయ్యలేదు, చేసిందంతా దారిలోనే.

ఫ్రీడైవింగ్ పోటీల్లో రూల్ కూడా అందుకే అలా పెట్టారు. తాడు అడుగున ప్లేటు మీదున్న ట్యాగ్ (అక్కడిదాకా దిగినట్టు గుర్తు) తెచ్చినంత మాత్రాన సరిపోదు, తల బయటపెట్టాక 15 సెకన్లలో మాస్క్ తీసి, చేత్తో ఓకే సైగ చేసి, నోటితో ఐయామ్ ఓకే అనాలి. 2013లో బహామాస్‌లో డీన్స్ బ్లూ హోల్ అనే లోతైన సముద్రపు గుంటలో అమెరికా ఫ్రీడైవర్ నికొలస్ మెవోలి 72 మీటర్ల ప్రయత్నంలో 68 దగ్గర ఆగి, వెనక్కి తిరుగుతున్నట్టే ఉండి మళ్ళీ కిందికే వెళ్ళాడు. పైకొచ్చాడు, సైగ చేశాడు, కాసేపటికే స్పృహ తప్పింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, బతకలేదు. ఆ నాలుగు మీటర్ల గురించి ఆలోచిస్తే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

మాలాంటి మామూలు స్కూబా వాళ్ళకి హద్దు, ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సుతో 18, అడ్వాన్స్‌డ్ కోర్సుతో 30, ఎంత ట్రైనింగ్ ఉన్నా సరదా డైవింగ్‌కి 40 మీటర్లు. 30 దాటాక మత్తు మొదలవుతుంది, 40లో సిలిండర్ పైనున్నదానికి అయిదు రెట్లు వేగంగా ఖాళీ అవుతుంది, పైకి రావడానికి గాలి మిగలాలి కదా.

మనోళ్ళు అండమాన్ వెళ్ళేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. ప్యాకేజీ టూర్‌లో చివరి రోజు పొద్దున హావ్‌లాక్ దీవిలో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) డైవ్, మధ్యాహ్నం ఫెర్రీ, సాయంత్రం పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి ఫ్లైట్ అని పెట్టుకుంటారు. విమానం ఎక్కడం అంటే ఇంకా పైకి వెళ్ళడమే. ఒక్క డైవ్ చేసినా కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి. డైవ్ మొదటి రోజుల్లో పెట్టించుకోండి, ఏజెంట్ కుదరదన్నా ఒప్పుకోవద్దు.