మొగపిలగాని లెక్క

గత నెలలో ఒక సాయంత్రం హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మా అమ్మాయి 400 మీటర్ల పరుగు ముగించి, మోకాళ్ల మీద చేతులు ఆనించి రొప్పుతుండగా, రోజూ అక్కడ నడవడానికి వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా దగ్గర ఆగి, “మీ బిడ్డ అచ్చం మొగపిలగాని లెక్క ఉరుకుతున్నదమ్మా” అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నారు. నేనూ నవ్వి నమస్కరించాను. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ముఖం మాత్రం ఆ మాటకు వెలిగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ వెలుగే.

మా యాసలో ‘లెక్క’ అంటే ‘వలె’ అని అర్థం. కానీ ఈ మాట వెనుక నిజంగానే ఒక లెక్క ఉన్నదని ఆలోచించిన కొద్దీ తెలిసివచ్చింది. ట్రాక్ పక్కన కబడ్డీ ఆడే మగపిల్లల్లో ఎవడైనా పట్టు జారవిడిస్తే, తోటివాళ్లు వెంటనే “గాజులేసుకున్నవారా?” అని ఎగతాళి చేస్తారు. బాగా ఆడిన ఆడపిల్లకు మగపిల్లాడితోనూ, సరిగా ఆడని మగపిల్లాడికి ఆడపిల్లతోనూ పోలిక. ఆడేది ఎవరైనా సరే, గెలుపు ఒక పద్దులోకి, ఓటమి మరో పద్దులోకి చేరుతూనే ఉంటుంది.

గాజుల మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పాలి. 1990లలో పరకాల వైపు ఒక ఊరి బడిలో నేను కబడ్డీ ఆడేదాన్ని. ఆటకు ముందు మేమంతా గాజులు తీసి, ఒకే చేతిరుమాలులో మూటకట్టి డ్రిల్ సారుకు అప్పగించేవాళ్లం. పట్టులో గాజులు చిట్లితే మా చేతులతోపాటు ఎదుటివాళ్ల చేతులూ కోసుకుపోతాయి. చున్నీని నడుముకు బిగించి, గాజుల గుర్తులు ఇంకా మాయని మణికట్లతోనే ఎదుటి పిల్ల చీలమండ దొరకబుచ్చుకునేవాళ్లం. ఆ మూటను కళ్లారా చూసినదాన్ని కాబట్టి, గాజులు పిరికితనానికి గుర్తు ఎలా అయ్యాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తొమ్మిదో తరగతిలో పెద్దమనిషినైన తర్వాత అమ్మమ్మ ఒక్క మాటతో నా ఆట ఆపించింది. ఆ ఏడాదే మా తమ్ముడు జోన్ స్థాయి సెలెక్షన్లకు వెళ్లాడు. అతని తెల్ల కాన్వాసు బూట్లకు చాక్‌పీసు రుద్ది ఎండలో ఆరబెట్టే పని నాకు దక్కింది. నన్ను అప్పటిదాకా ‘మగరాయుడు’ అని ముద్దుగా పిలిచిన చిన్నమ్మే, అప్పటినుంచి అదే మాటను తిట్టుగా వాడసాగింది.

నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచింది. మొదట్లో తోటి ఆడపిల్లలెవరూ లేక మగపిల్లలతోనే సాధన చేయవలసి వచ్చిందని, నిక్కరు వేసుకోవడాన్ని బంధువులు ఆక్షేపించారని, ముఖానికి దెబ్బలు తగిలినప్పుడు ‘నిన్నెవరు చేసుకుంటారు’ అని తల్లి బాధపడిందని ఆమె పలుసార్లు చెప్పుకుంది. ముక్కు పగిలిన మగ బాక్సర్ ఇంట్లో పెళ్లి ప్రస్తావన వస్తుందని నేను అనుకోను. అయితే నిఖత్‌ను ఆడించిన తండ్రి కూడా ఆ ఊరివాడేనన్న సంగతి మరువకూడదు. ఊరంతా ఒకేలా ఆలోచిస్తుందనడం కూడా ఒక మూస అభిప్రాయమే అవుతుంది.

మెచ్చుకోలుగా మొదలైన ‘మగవాడి లెక్క’ అనే మాట కాస్త ముందుకు సాగితే ఎక్కడ తేలుతుందో 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడలు చూపించాయి. మన సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న అగసర నందిని ఏడు అంశాల హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిస్తే, కేవలం నాలుగు పాయింట్ల తేడాతో నాలుగో స్థానంలో మిగిలిన మన దేశపు క్రీడాకారిణే, తాను పతకాన్ని ఒక ట్రాన్స్‌జెండర్‌కు కోల్పోయానని బహిరంగంగా రాసి, తర్వాత ఆ రాతను తొలగించింది. ఓడిపోయిన బాధ ఎవరికైనా ఉంటుంది. కానీ ఆ బాధకు చేతికి దొరికిన ఆయుధం ఏమిటో గమనించండి. మగవాడిలా పరుగెత్తిందన్న పొగడ్తకూ, ఆమె అసలు ఆడదేనా అన్న అనుమానానికీ మధ్య దూరం ఆ నాలుగు పాయింట్లంత కూడా లేదు. మహిళల విభాగంలో ఎవరు పోటీపడాలి అన్నది నిజంగా చిక్కు ప్రశ్నే. ఆడవాళ్లేనా కాదా అని తేల్చడానికి 1968 నుంచి ఒలింపిక్స్‌లో చేసిన క్రోమోజోమ్ పరీక్షలు 1999లో ఆగిపోయి, 2025లో జన్యు పరీక్ష రూపంలో ప్రపంచ అథ్లెటిక్స్‌లోకి మళ్లీ వచ్చాయంటే, నియమాలు చేసేవాళ్లకే అది ఎంత తేలనిదో తెలుస్తుంది. అయినా భుజాల వెడల్పు చూసి, గొంతు విని, తీర్పు చెప్పే హక్కు పక్కవాళ్లకు రాదు. పురుషుల పోటీల్లో పొడవాటి చేతులున్న ఈతగాడిని దేవుడిచ్చిన వరం పొందినవాడంటాం. అతడిని ఎవరూ పరీక్షకు పంపరు.

నియమాల పుస్తకాల్లోనూ ఈ చూపు దాగి ఉంటుంది. కబడ్డీలో పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మహిళలది 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మా బడిలో ఒకే బరి ఉండేది గనుక మేము మగపిల్లలు గీసిన పెద్ద గీతల్లోనే ఆడాం, ఎవరికీ ఏమీ కాలేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళల 800 మీటర్ల పరుగు ముగిశాక కొందరు అలసటతో కూలబడ్డారని పత్రికలు గోరంతలు కొండంతలు చేయడంతో, ఆ పోటీని తీసేశారు. మళ్లీ 1960 రోమ్ ఒలింపిక్స్ దాకా అది లేదు. పరుగు ముగిశాక మగవాళ్లూ కూలబడతారు. దాన్ని మనం పట్టుదల అంటాం. ఇక ఆదరణ విషయానికొస్తే, 2014లో మొదలైన ప్రో కబడ్డీ ఏటేటా పెరుగుతూ పోతుండగా, 2016లో మూడంటే మూడు జట్లతో మహిళలకు పెట్టిన పోటీ ఒక్క ఏడాదితో ముగిసింది; మొక్కను మొలకలోనే వదిలేసి, కాయలేదని చెట్టును నిందించినట్టుంది.

మా అమ్మాయి పరుగెత్తే ఈ స్టేడియంలోనే 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినప్పుడు, హర్మిలన్ బెయిన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకండ్లలో పూర్తి చేసి, సునీతా రాణి పేరిట 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డును చెరిపేసింది. హర్మిలన్ కడుపులో ఉండగానే ఆమె తల్లి మాధురి ఉద్యోగం కోసం ట్రయల్స్‌లో పరుగెత్తింది; ఆ తర్వాత 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచింది. ఈ సంగతి నేను ఎవరికి చెప్పినా మొదట వచ్చే ప్రశ్న, ‘పిల్లను ఎవరు చూసుకున్నారు’ అని. తండ్రి అయిన క్రీడాకారుడిని ఈ ప్రశ్న అడిగిన విలేఖరిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇంత రాసి నా ఇంటి సంగతి దాచడం న్యాయం కాదు. మా అబ్బాయి రాత్రి ఎనిమిదిన్నరకు బ్యాటు భుజాన వేసుకుని వచ్చినా నేను అన్నం వేడి చేసి పెడతాను. మా అమ్మాయి ఏడు దాటితే గేటు దగ్గరే నిలబడి ఫోన్ల మీద ఫోన్లు చేస్తాను. వెలుతురు, రోడ్డు, ఆటో దొరకకపోవడం వంటి కారణాలు నాకు చాలా ఉన్నాయి, అవి అబద్ధాలూ కావు. అయినా ఆమె సాధన గంటను నేనే కోస్తున్నానని ఒప్పుకోవాలి. ఈ మధ్య ఆమెను వారించడం మాని, పని ముగించుకుని నేనే మైదానానికి వచ్చి కూర్చుంటున్నాను.

మొన్న ఆ సారు మళ్లీ కనిపించారు. “మొగపిలగాని లెక్క కాదు సారూ, ఆమె ఉరుకుడు ఆమెదే” అన్నాను, వీలైనంత మెల్లగా. ఆయన నొచ్చుకోలేదు, తల ఊపి నవ్వారు. కాసేపాగి, ఎంతో ఆప్యాయంగా, “అయితే ఇంకెన్నేండ్లు ఉరికిస్తరమ్మా? వచ్చేటేడు తొమ్మిదో తరగతే గద?” అని అడిగారు. నేను జవాబు చెప్పేలోపు అటువైపు నుంచి “అమ్మా, టైం చూడు!” అని కేక వినిపించింది. నేను సారుకు చేత్తో ఆగమని సైగ చేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాను.