పూడ్చిన పొలం మీద ఒసాకా స్టేషన్

ముక్తేశ్వరంలో మా ఇల్లు వరిచేను పూడ్చి కట్టింది. మూడడుగులు మెరక చేయించి, ఒక వానాకాలమంతా మట్టిని దిగనిచ్చి, ఆ తర్వాతే పునాది తీయించాను. నీటిపారుదల పనుల్లో ముప్పై ఏళ్లు గట్లూ తూములూ చూసినవాణ్ణి కదా, నా ఇల్లు కుంగదని ధీమా. కుంగింది. వీధి అరుగుకూ గోడకూ నడుమ బీట పడింది. అప్పటినుంచి ఆ బీట మీద సన్నని గాజు పలక అడ్డంగా అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ రాస్తాను. గాజు చిట్లితే నేల ఇంకా కదులుతోందన్నమాట.

అందుకేనేమో, కిందటి నవంబరులో జపానులోని ఒసాకాకు అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు కోటలూ గుళ్లకంటే రైల్వే స్టేషనే నన్ను పట్టుకుంది. స్టేషన్ పేరు ఒసాకా, అది ఉన్న పేట పేరు ఉమెదా. "ఆ మాటకు అసలు అర్థం పూడ్చిన పొలమట నాన్నా" అంది అమ్మాయి. ఆ చుట్టుపక్కలదంతా ఒకప్పుడు పల్లపు బురదనేల. తర్వాత అదే ఉచ్చారణ ఉండేలా ఉమె అనే ప్లమ్ జాతి పూలచెట్టు అక్షరంతో రాయడం మొదలుపెట్టారు. మనవాళ్లు చెరువు పూడ్చి ప్లాట్లు వేసి పూదోట పేరు పెట్టడం లేదూ, అలాగే.

1874 మేలో ఒసాకా, కోబె నగరాల మధ్య రైలు మొదలైనప్పుడు స్టేషన్ ఊరి బయట పొలాల్లో ఉండేది. జనం దాన్ని 'ఉమెదా స్తెన్షో' అనేవారట. మా నాయనమ్మ చనిపోయేదాకా 'టేసను' అనే అంది. సముద్రాలు దాటినా ఆ ఇంగ్లీషు మాటకు నాలుక తిరగని మనుషులే దొరికారు! సరుకు దించడానికి దోజిమా నదినుంచి స్టేషన్ దగ్గరికి కాలువ కూడా తవ్వారు. పడవ వచ్చి రైలును కలుసుకునేది. ధవళేశ్వరం ఆనకట్ట కాలువల్లో ధాన్యం పడవలు నడిచిన కథలు వింటూ పెరిగినవాడికి ఇది బాగా తెలిసిన లెక్కే. తర్వాత ఆ కాలువనూ పూడ్చేశారు.

1934లో పట్టాలను పైకి ఎత్తారు. 1940లో మూడో స్టేషన్ భవనం వచ్చింది. అదే ఏడాది, రెండో ప్రపంచ యుద్ధం పేరు చెప్పి, ఇక్కడ మాకు ఏటికి అవతలనున్న కోటిపల్లి రైలు పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ రైలు కూత వినడానికి 2004 దాకా ఆగాం.

మెత్తని ఒండ్రు మీద అంత బరువు పెడితే నేల ఊరుకుంటుందా? స్టేషన్ కుంగింది. సమంగా కుంగినా బాగుండేది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. సమతలంగా ఉండాల్సిన నడవాలో మధ్యమధ్య మెట్లు కట్టాల్సి వచ్చింది. రైళ్లు నడుస్తూ ఉండగానే పునాదుల కిందికి దూరి కొత్త ఆధారాలు పెట్టారు. ఇంటి పునాది తిరగతోడిన వాడికే తెలుస్తుంది ఆ పని ఎంత భయమో. నేల కుంగడానికి మట్టి ఒక్కటే కారణం కాదు. ఒసాకాలో కర్మాగారాలూ పెద్ద భవనాలూ భూగర్భజలాన్ని ఎడాపెడా తోడేశాయి. 1956లో, 1962లో చట్టాలు చేసి తోడటానికి కళ్లెం వేశాక కుంగుబాటు నెమ్మదించింది. మా చుట్టూ రొయ్యల చెరువుల బోర్లు రాత్రింబవళ్లు తోడుతుంటే ఈ మాట ఎవరికి చెప్పను?

స్టేషన్ మీద 2011లో పెద్ద కప్పు వేశారు. చూడటానికి గొప్పగానే ఉంది. కానీ దాని కింద ప్లాట్‌ఫారాలకు మళ్లీ విడివిడి కప్పులు! గాలివానకు జల్లు పక్కనుంచి కొడుతుంది కదా, ఈ సంగతి తుపానులు చూసిన కోనసీమ తాపీమేస్త్రీని అడిగినా చెప్పేవాడు.

నాకు బాగా నచ్చింది ఉత్తరం వైపు. అక్కడ 1928 నుంచి 2013 దాకా సరుకు రవాణా యార్డు ఉండేది. దాన్ని ఖాళీచేసి తవ్వితే పాత శ్మశానం బయటపడింది, వెయ్యిన్నరకు పైగా మనుషుల ఎముకలు. ఇప్పుడక్కడ పార్కు, 2024 సెప్టెంబరులో కొంత భాగం తెరిచారు. ఆ నేల కిందే 2023 మార్చినుంచి కొత్త ప్లాట్‌ఫారాలు. అంతకుముందు విమానాశ్రయం రైలు హరుకా ఇదే స్టేషన్ పక్కనుంచి ఆగకుండా పోయేదట. ఊరి మీదుగా పోయి ఊళ్లో ఆగని బస్సును చూసిన కోపం నాకు అర్థమవుతుంది.

మేం దిగింది ఆ ప్లాట్‌ఫారంలోనే. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా నలగకుండా గుండెలకు హత్తుకుని మా ఆవిడ దిగింది. పట్టాల పక్కన నిలువెత్తు అద్దాల గోడ. రైలు రకాన్ని బట్టి ఆ గోడే పక్కకు జరిగి, రైలు తలుపుకు ఎదురుగా తలుపు చేసుకుంటుంది. "ఏమండీ, గోడ నడుస్తోంది" అంది. తర్వాత మూడు రైళ్లు వచ్చిపోయేదాకా అక్కడే నిలబడి చూశాను. అమ్మాయి విసుక్కుంది.

కోటిపల్లి రేవు దాటి ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. బట్టలైనా మార్చుకోకుండా టార్చి తీసుకుని అరుగు దగ్గరికి వెళ్లాను. మార్చిలో అతికించిన గాజు అడ్డంగా చిట్లి ఉంది. కొత్త పలక అతికించి తేదీ రాస్తుంటే, లోపలినుంచి మా ఆవిడ, "జపాను గోడ నడిచింది, మన గోడ ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగింది.