డన్ అంటే ఎవరికి డన్?

గచ్చిబౌలిలో మా సాఫ్ట్‌వేర్ టీమ్ స్క్రమ్‌లోకి, అంటే పనిని చిన్న చిన్న గడువులుగా విడగొట్టి చేసే పద్ధతిలోకి, మారిన రోజు మారినవి పేర్లే. టీమ్ లీడ్‌నైన నేను ఆ పద్ధతి సరిగా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టర్‌నయ్యాను, బిజినెస్ అనలిస్ట్ ఏ పని ముందో తేల్చే ప్రొడక్ట్ ఓనర్ అయింది, మిగతా ఏడుగురూ డెవలపర్లు. రెండు రోజుల ట్రైనింగ్, చేతికో సర్టిఫికెట్. పని మాత్రం ఎప్పటిలాగే.

రోజూ టీమంతా నిలబడి మాట్లాడుకునే స్టాండప్ 15 నిమిషాలు దాటకూడదంటారు. మాది 40 పట్టేది. ఒక్కొక్కరూ మేనేజర్ మొహం చూస్తూ నిన్నటి పని అప్పజెప్పేవారు, బళ్లో ఎక్కాల్లాగా.

ఒక్కో గడువును స్ప్రింట్ అంటారు; మావి రెండు వారాల స్ప్రింట్లు. ఒక్కో పనికి బోర్డు మీద ఒక కార్డు. ఎనిమిదో రోజు దాకా అన్నీ 'ఇన్ ప్రోగ్రెస్'. తొమ్మిదో రోజు కార్డులన్నీ ఒక్కసారే టెస్టింగ్ కాలమ్‌లో వచ్చిపడేవి. టెస్టర్ అమ్మాయి రాత్రి పదింటికి కూడా సీట్లోనే. స్ప్రింట్ చివర పని ఎలా సాగిందో మాట్లాడుకునే రెట్రో ఒకదానిలో ఏం ఇబ్బందిగా ఉందని అడిగితే అందరూ ఏసీ గురించి చెప్పారు. ఆ అమ్మాయి ఒక్కతే, "అన్నా, మీరు డన్ అన్నాకే కదా నాకు పని మొదలయ్యేది" అంది. ఎవరూ నోరెత్తలేదు.

ఆ రాత్రే స్క్రమ్ నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్ మొదటిసారి పూర్తిగా చదివాను. సర్టిఫికెట్ ఎలా వచ్చిందని అడక్కండి. స్క్రమ్‌ను రూపొందించిన ష్వేబర్, సదర్లాండ్ రాసిన 2020 ప్రతి పట్టుమని 15 పేజీలు లేదు. అందులో టెస్టర్ అనే హోదాయే లేదు, పని పూర్తిచేసే వాళ్లంతా డెవలపర్లే.

మర్నాడు వైట్‌బోర్డు తుడిచి, హోదాలు కాకుండా పనులు రాశాను: స్టోరీ (ఏం కావాలో చెప్పే చిన్న వివరణ) రాయడం, ఏది ముందో తేల్చడం, కోడ్ రివ్యూ, టెస్టింగ్, మధ్యలో దూరే పనిని వద్దనడం. ఎవరి పేరు వాళ్లే రాయమన్నాను. చివరి దాని ఎదురుగా ఒక్క పేరూ పడలేదు. "క్లయింట్ ఫోన్ చేసేది నాకే కదా" అన్నారు మేనేజర్. వారం వాదించాక అక్కడ ప్రొడక్ట్ ఓనర్ పేరు రాశాం.

టెస్టింగ్ కాలమ్‌లో మూడు కార్డులే ఉండాలన్నాం. నాలుగోది వస్తే, దాన్ని తెచ్చినవాళ్లే ముందు ఉన్నవాటిలో ఒకటి టెస్ట్ చేయాలి. ఒక సీనియర్ "నేను టెస్టింగా?" అని గొణిగాడు. కూర్చున్నాక టెస్ట్ డేటా సిద్ధం చేయడానికే సగం రోజు పోయింది. మర్నాడు మాట్లాడకుండా దానికో స్క్రిప్ట్ రాసిచ్చాడు. ఆ స్ప్రింట్ చివరి రోజు టెస్టర్ అమ్మాయి ఆరున్నరకే మెట్రో ఎక్కింది.

స్టాండప్ కూడా ఇప్పుడు 12 నిమిషాల్లో అయిపోతోంది. మేనేజర్ గారిని కాస్త వెనక నిలబడమని అడగడానికే నాకు మూడు స్ప్రింట్లు పట్టింది.