21ని తిరగేస్తే 12

21 లోపు సంఖ్యల్లో, 21తో ఒకటి తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. 1, 2, 4, 5, 8, 10, 11, 13, 16, 17, 19, 20. మొత్తం 12. ఈ లెక్కనే ఆయిలర్ ఫై ఫంక్షన్ అంటారు. అంటే ఫై(21) = 12, 21నే వెనక నుంచి చదివినట్టు!

చిన్న సంఖ్య కదా, ఏదో కలిసొచ్చిందిలే అనుకున్నా. తర్వాత 63 చూస్తే ఫై 36. 270కి 72 (తిరగేస్తే 072, ముందున్న సున్నాకి విలువ లేదు కదా). 291కి 192, 2991కి 1992, 6102కి 2016. ఇక ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

నీల్ స్లోన్ అనే గణితవేత్త 1964లో, ఇంకా చదువుకుంటున్న రోజుల్లోనే, మొదలుపెట్టిన అనుక్రమాల (అంటే సంఖ్యల వరసల) సేకరణలో ఇలా అంకెల్ని తిరగేసే సరదాలు బోలెడున్నాయి. చాలావాటిని ఓసారి చూసి వదిలేస్తాం. దీన్ని మాత్రం వదల్లేకపోయా.

ముందు కంటపడింది మొదటి అంకె. అన్నీ 2తోనో 6తోనో మొదలవుతున్నాయి, బేసి అంకెతో ఒక్కటీ లేదు. ఎందుకంటే 2 దాటాక ఫై విలువ ఎప్పుడూ సరి సంఖ్యే (ఆ లెక్కలోకి వచ్చేవి జతలుగా వస్తాయి, 21కి 1 ఉంటే 20, 2 ఉంటే 19), మరి తిరగేసింది సరి సంఖ్య కావాలంటే అసలుది సరి అంకెతో మొదలవ్వాల్సిందే. ఇక సంఖ్యకీ, దాన్ని తిరగేసినదానికీ తేడా ఎప్పుడూ 9 గుణిజమే. ఈ సంగతి అకౌంట్స్ రాసేవాళ్లకి కొత్త కాదు, టోటల్‌లో తేడా 9 గుణిజమైతే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయని ముందు అనుమానిస్తారు. ఇక్కడా అంతే: 63 − 36 = 27, 291 − 192 = 99.

అన్నట్టు, పాత శాసనాల్లో సంవత్సరాన్ని మాటల్లో చెప్పే పద్ధతి ఒకటుంది, చంద్రుడంటే 1, పక్షమంటే 2, "అంకానాం వామతో గతిః" (అంకెలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి) కాబట్టి చంద్ర, పక్ష అని వరసగా రాస్తే 21. ఆ సూత్రం తెలియనివాడు 12 అని చదువుతాడు. పాపం, తెలియకుండానే ఫై విలువ చెప్పేసినట్టు!

నాకు బాగా నచ్చింది మాత్రం 21, 291, 2991 వరస. విడగొడితే 3 × 7, 3 × 97, 3 × 997. రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధానికి ఫై కావాలంటే ఒక్కోదాంట్లోంచి ఒకటి తీసేసి గుణిస్తే చాలు: 2 × 6, 2 × 96, 2 × 996. మరి మధ్యలో ఎన్ని 9లు పెట్టినా ఇదే జరగాలి కదా అని ఉత్సాహంగా 29991 వేశా. తుస్సుమంది. 9997 ప్రధాన సంఖ్య కాదు, అది 13 × 769, 29991కి ఫై వచ్చేసి 18432. తర్వాతది 99997, అదీ 19 × 5263. ఇలా పోగా పోగా, చివర 7 ఉండి మిగతావన్నీ 9లైన ప్రధాన సంఖ్య మళ్లీ దొరికేది 17 అంకెల దగ్గర! అప్పుడు మన సంఖ్య 299999999999999991, మధ్యలో పదహారు 9లు. అంతదూరం కాగితం మీద పోలేం లెండి, కంప్యూటర్ ఉండాల్సిందే.

63కి, 6102కి మాత్రం ఇలాంటి కుటుంబం నాకు దొరకలేదు. 6102 అంటే 2 × 27 × 113. ఎంతసేపు చూసినా అందులో 2016 ఎక్కడుందో కనపడదు, ఫై వేసేదాకా.