"తినను" అంటే ఇవాళా, ఎప్పుడూనా?

పళ్లెం పక్కకు నెట్టి పిల్ల "ఐ డోంట్ ఈట్ పప్పు" అంటే మనకు చర్రున కోపం వస్తుంది. మొన్నేగా తిన్నావని వాదనకు దిగుతాం. ఇంగ్లీషులో సింపుల్ ప్రెజెంట్, అంటే "ఈట్", "గో" లాంటి మామూలు వర్తమాన రూపం, అలవాటును చెబుతుంది కాబట్టి ఆ మాటకు "పప్పు నా తిండి కాదు" అన్నంత బరువుంది. ఈ పూటకి వద్దనుకుంటే "ఐ డోంట్ వాంట్ ఇట్ టుడే" అనాలి. తెలుగులో ఆ తేడా క్రియలో కనిపించదు. శాకాహారి "మాంసం తినను" అన్నా, కడుపు నిండిన పిల్ల "ఇంక తినను" అన్నా క్రియ ఒకటే. "రోజూ వెళ్తాను", "రేపు వెళ్తాను" కూడా అంతే. అందుకే ఇంట్లో తెలుగు మాట్లాడేటప్పుడు ఇవాళ, రోజూ, ఎప్పుడూ లాంటి మాటలు మింగేయకూడదు. పిల్లలకు కాలం తెలిసేది వాటివల్లే.

ఇంగ్లీషులో మనం తడబడే క్రియలు వేరే ఉన్నాయి: నో (తెలుసు), వాంట్, లైక్, హావ్. ఇవి స్థితిని చెబుతాయి, మామూలుగా "ఇంగ్" తీసుకోవు. "ఐ యామ్ హావింగ్ టూ కిడ్స్" తప్పు. "వి ఆర్ హావింగ్ లంచ్" మాత్రం ఒప్పే, అక్కడ హావ్ అంటే తినడం. చిత్రంగా, పిల్లల తెలుగు తడబడేదీ సరిగ్గా ఈ చోటే. తెలుసు, కావాలి, ఇష్టం, ఉంది అన్నప్పుడు మనం "నాకు" అంటాం. ఇంగ్లీషులో వీటన్నిటికీ "ఐ" ఉండటంతో వాళ్లు "నేను నీళ్లు కావాలి" అంటారు. మాట ఆపి పాఠం చెప్పకుండా "నీకు నీళ్లు కావాలా? ఇదిగో" అని ఇస్తే చాలు.

"డాడీ గో ఆఫీస్" అనే మూడేళ్లవాడి ఇంగ్లీషు గురించి బెంగ అక్కర్లేదు. ముగ్గురు పిల్లల మాటలను గమనించి మనస్తత్వవేత్త రోజర్ బ్రౌన్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో "ఇంగ్" అన్నిటికన్నా ముందు వచ్చింది, "గోస్"లోని "స్" బాగా ఆలస్యంగా వచ్చింది. పెద్దలం "డజ్ షీ గోస్" అనడమే సరిచేసుకోవాలి. డజ్ వచ్చాక మూలక్రియే ఉంటుంది: "డజ్ షీ గో". అలాగే "వెన్ ఐ విల్ రీచ్" కాదు, "వెన్ ఐ రీచ్, ఐ విల్ కాల్".

"నీకు నీళ్లు కావాలా?" అన్నట్టు పిల్లల మాటను తిరిగి సరిగ్గా పలికే పద్ధతి చిన్నపిల్లలకు బాగా నప్పుతుంది. పన్నెండేళ్లవాడితో అలా చేస్తే వెక్కిరింపు అనుకోవచ్చు. ఆ వయసులో "దిద్దమంటావా?" అని ముందే అడగడం నయమేమో. వద్దంటే ఏం చేయాలి? దిద్దుతూ పోతే తెలుగులో మాట్లాడటమే మానేస్తాడన్న భయం, వదిలేస్తే "నేను కావాలి" అలాగే స్థిరపడిపోతుందన్న దిగులు. రెండూ నిజమే.