ఓడలు కట్టిన ఒడ్డున కొత్త వంతెన

ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో మావాడి దగ్గరికి వెళితే అందరూ సముద్రం చూడమన్నారు. రోకర్ బీచ్ బాగానే ఉంది గానీ, గాలికి చెవులు పోయాయి. కాఫీ మన డబ్బుల్లో మూడొందల పైమాటే అనేసరికి నేను తాగనన్నాను. నాకు నిజంగా నచ్చింది ఊళ్లో వేర్ నది మీద ఉన్న నార్తర్న్ స్పైర్ వంతెన.

మెట్రోలో పాలియన్ దాకా వెళ్లి అక్కణ్ణుంచి నడిచాం. 105 మీటర్ల స్తంభం, దాని నుంచి దిగిన 28 కేబుళ్లు. లారీ వెళ్లినప్పుడల్లా రెయిలింగు మీద పెట్టిన చేతికి సన్నగా అదురు తెలుస్తోంది. నడిచేవాళ్లకి, సైకిళ్లకి విడిగా దారి ఉంది. మా రాజమండ్రి రోడ్డు కమ్ రైలు వంతెన మీద ఆగి గోదారిని చూద్దామంటే వెనక హారన్ మోత. రైళ్లు ఆగిపోయిన హేవ్‌లాక్ వంతెన మీదన్నా నడవనిస్తారా అని ఎన్నేళ్లు ఎదురుచూశామో! ఇక్కడ ఇంత హాయిగా నిలబడితే ఆ ఉక్రోషమంతా పైకొచ్చింది.

కుక్కతో వస్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. షిప్‌యార్డులో వెల్డరుగా చేశాడట. వేర్ నది ఒడ్డున వందల ఏళ్లు ఓడలు కట్టారు, 1988లో చివరి యార్డులు మూతపడ్డాయి. ఈ స్తంభాన్ని మాత్రం బెల్జియంలోని గెంట్‌లో చేయించి, 2017లో బార్జి అనే బల్లపరుపు సరుకు పడవ మీద పడుకోబెట్టి సముద్రం దాటించి తెచ్చారు. లేపి నిలబెడుతుంటే ఆయన ఒడ్డునే ఉన్నాడట. "ఈ అతుకులు మేం వేసినవైతే ఎంత బావుండేదో" అన్నాడు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఓడలు కట్టిన ఊరికి ఇనుము పని బయటి నుంచి తెచ్చుకోవాల్సి రావడం చిన్న విషయమా?

2018 ఆగస్టులో వంతెన మీద బళ్లు తిరగడం మొదలైంది. హైవే నుంచి ఊళ్లోకి, రేవుకి దారి సుళువైతే ఒడ్డున ఖాళీ పడ్డ స్థలాలకి కంపెనీలు వస్తాయని దీన్ని కట్టారు. పాలియన్‌లో ఇప్పుడు క్రౌన్ వర్క్స్ పేరుతో సినిమా స్టూడియోలు కట్టే ఆలోచన ఉంది. పెద్దాయనకి దాని మీదే ఆశ. మనవడు పని కోసం లండన్ వెళ్లిపోయాడట, స్టూడియో వస్తే తిరిగొస్తాడేమోనని. మావాడూ పని వెతుక్కుంటూనే ఇంత దూరం వచ్చాడని ఆయనకి చెప్పాను.